మడ్‌గార్డు మీద చోటు

పాత ట్రాక్టరు కొనబోయే మనిషి ముందు ఇంజను సంగతి అడుగుతాడు. టైర్ల గుబ్బలు ఎంత అరిగాయో చూస్తాడు, గొట్టంలోంచి వచ్చే పొగ రంగు చూస్తాడు. తాళాలాయన అవేమీ చూడలేదు. జేబులోంచి టైలర్లు వాడే టేపు తీసి, వెనక చక్రం మీదున్న మడ్‌గార్డు వెడల్పు కొలిచాడు. తర్వాత మంచం కొనేవాడు నవారు నొక్కి చూసినట్టు అరచేత్తో ఆ రేకును నొక్కి చూశాడు.

అమ్మజూపుతున్న రైతు, తాళాలాయన బావమరిది వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “మీ బావగారు టైలరా అండీ?”

“కాదండీ, తాళాలు బాగుచేస్తాడు. మొన్నటిదాకా బాగానే ఉండేవాడు.”

ఆ బావమరిది బస్సు డిపోలో మెకానిక్కు. వచ్చీ రాగానే అతను బానెట్టు మీద చెయ్యి వేశాడు. ఇంత పొద్దున్నే అది వెచ్చగా ఉంది. చల్లటి ఇంజను మొరాయిస్తుందని తెలిసి, వీళ్ళు రాకముందే రైతు దాన్ని తిప్పి ఉంచాడన్నమాట. ఆ మాట పైకి అనకుండా “మళ్ళీ వస్తాం లెండి” అని చెప్పి, బావ మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

“బావా, నువ్వు కొనేది ట్రాక్టరా, సోఫానా?”

“రేకు తుప్పు పట్టిందేమోనని చూశానురా.”

“తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట, వెనకటికి నీలాంటివాడే.”

తాళాలాయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ టేపు మీద ఒకచోట పెన్నుతో గీత పెట్టి ఉంది. అది ఆయన భార్య కొట్లో కూర్చునే స్టూలు వెడల్పు.

ఆ కొట్టు మార్కెట్టు వీధిలో, ఒక మేడ మెట్ల కింద ఉంటుంది. లోపల నిలబడితే తల మెట్టుకు కొట్టుకుంటుంది కాబట్టి అక్కడ ఎంత గొప్పవాడైనా కూర్చునే మాట్లాడాలి. గోడ నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. ఒక మూల చెవులు కోసే మెషీను, దాని ముందు ఆయన. రెండో మూల స్టూలు మీద ఆమె. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె పెద్దక్కే. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని కొందరూ, ఆవలించకుండానే పేగులు లెక్కపెడుతుందని కొందరూ అంటారు. రెండూ నిజమే. ఇంటి తాళంచెవి పోగొట్టుకున్నవాడు కొట్టుకొచ్చి కొత్తది చేయించుకునేలోపు, ఆ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఎందుకు మానేశారో పెద్దక్కకు తెలిసిపోతుంది.

ఆ ఇద్దరి పనిలో ఒక పద్ధతి ఉంది. చెవి కోసేది ఆయన, దాన్ని తాళంలో పెట్టి తిప్పి చూసేది ఆమె. “మీ చెయ్యి మొరటుదండీ. మీరు తిప్పితే తాళం భయపడి తెరుచుకుంటుంది. రేపు వాళ్ళింట్లో ముసలావిడ తిప్పితే తెరుచుకోవద్దూ?” అనేది. ఆమె మెల్లగా తిప్పి చూసి, ఊ అంటేనే ఆ చెవి మనిషి చేతికి వెళ్ళేది. ఆమె ఎప్పుడైనా చుట్టాలింటికి వెళ్తే ఆయన చెవులన్నీ కోసి బల్ల మీద వరసగా పెట్టుకునేవాడు గానీ ఒక్కటీ అమ్మేవాడు కాదు. “మా ఆవిడ వచ్చాక రండి” అనేవాడు. నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు, విసుక్కునేవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆయన చెవిన పడితేనా.

వాళ్ళకు పిల్లలు లేరు. ఆ సంగతి అడగడం వీధి ఎప్పుడో మానేసింది. ఉన్నదల్లా ఊరి బయట, బస్సు దిగి చాలా దూరం నడిస్తే వచ్చే ఒక పొలం ముక్క. సగంలో మొక్కజొన్న, సగంలో కూరగాయలు. శనివారం సాయంత్రం కొట్టు మూసి క్యారేజీ కట్టుకుని వెళ్ళేవాళ్ళు. అక్కడి రేకుల గదిలో పడుకుని, ఆదివారమంతా మట్టిలో మునిగి, చీకటి పడేవేళకు బస్సెక్కేవాళ్ళు. పొలంలో కూడా పెద్దక్క నోటికి సెలవు లేదు. పక్క పొలంలో కలుపు తీసేవాళ్ళతో గట్టు మీంచే మాట్లాడి వాళ్ళ ఇంటి గుట్లన్నీ బుట్టలో వేసుకునేది.

చిక్కంతా దున్నించడం దగ్గరే వచ్చేది. పక్క పొలం ఆసామికి ట్రాక్టరుంది. మనిషి చెడ్డవాడు కాడు. కానీ తన పొలం అయ్యాక, తమ్ముడి పొలం అయ్యాక, ఏ మంగళవారమో ఫోను చేసి “ఇప్పుడు ఖాళీ, వస్తారా?” అంటాడు. వీళ్ళు కొట్టు మూసుకుని వెళ్ళగలిగే ఆదివారానికి నేల ఆరిపోయి రాయి అయ్యేది. అదును తప్పిన దుక్కి, ఆకలి చచ్చాక పెట్టిన అన్నం లాంటిదని పెద్దక్క దెప్పేది. అందుకే ఎప్పటినుంచో ఒక పాత ట్రాక్టరు కొనుక్కోవాలని అనుకుంటూ వచ్చారు. అనుకోవడంలో కూడా ఒక సుఖముంది కాబట్టి అది ఏళ్ళ తరబడి సాగింది.

ఇప్పుడు ఆయనకు తొందర వచ్చింది.

చలికాలం చివర్లో పెద్దక్కకు ఆయాసం మొదలైంది. మొదట మెట్లెక్కితే వచ్చేది. తర్వాత బట్టలు ఆరేస్తే వచ్చేది. ఆ తర్వాత ఊరికే మాట్లాడుతున్నా వచ్చేది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి రావడం ఆమెకు అసలు జబ్బుకన్నా పెద్ద అవమానంగా ఉండేది. గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఆమెను గదిలో మంచం మీదే ఉండమని, ఆయన్ని వరండాలోకి పిలిచాడు. గుండె బాగా నీరసించిపోయిందన్నాడు. ఆపరేషనుకు తట్టుకునే స్థితి కూడా కాదట. మందులతో ఎంతకాలం నడిస్తే అంతకాలం, ఈ ఏడు దాటితే గొప్ప అన్నాడు. ఆమెకు చెప్పాలో వద్దో మీ ఇష్టం అన్నాడు.

ఆయన చెప్పలేదు. “బలానికి మందులు రాశారు. మెల్లగా తగ్గుతుందట” అన్నాడు.

“మెల్లగా అంటే ఎంత మెల్లగా?” అని ఆమె ఒక్కసారి అడిగింది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు. ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా, ఆ మనిషి ఒక విషయం గురించి అడగడం మానేసిందంటే అర్థమేమిటో ఆయనకు తట్టలేదు.

ఆమె పొలానికి రావడం ఆగిపోయింది. బస్సు దిగిన మలుపు నుంచి పొలం దాకా ఉన్న బాటలో, నాలుగు చినుకులు పడితే చాలు, కాలు పిక్కదాకా దిగబడుతుంది. ఆటోవాళ్ళు ఆ వైపు చూడనైనా చూడరు, బైకు వెళ్తే మనిషి దిగి దాన్ని మోయాలి. ఆయన ఒక్కడే వెళ్ళి వచ్చేవాడు. వచ్చాక ఆమె దిండుకు ఆనుకుని మొదలుపెట్టేది.

“వంగ పూత పట్టిందా?”

“పట్టే ఉంటుంది.”

“ఉంటుందేమిటి, చూడలేదా? పక్క పొలం వాళ్ళ కోడలు పుట్టింటినుంచి వచ్చిందా?”

“తెలీదే.”

“కళ్ళు ఇక్కడే గూట్లో పెట్టి వెళ్ళారా ఏం?”

నిజంగా అలాగే ఉండేది ఆయనకు. ఒక్కడే వెళ్ళిన ఆదివారాల్లో ఏ పనీ చివరిదాకా సాగలేదు. సగం పాదులు చేసి గట్టు మీద కూర్చునేవాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయేవాడు. అప్పుడే ఆయన ఒక నిశ్చయానికి వచ్చాడు. ఆమె పోయేలోగా ఇంకొక్క పంట కళ్ళారా చూడాలి. మలుపు దగ్గరున్న సిమెంటు కొట్టు వెనక ట్రాక్టరు పెట్టుకుంటే, ఆమెను అక్కడే ఎక్కించుకుని ఎంత బురదలోనైనా తిన్నగా పొలంలో దించవచ్చు. దున్నుతున్నంతసేపూ పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని కబుర్లు చెబుతుంది. ఇంజను మోతలో సగం వినబడవు. అయినా చెబుతుంది. ఆయనకు కావలసింది అంతే.

అలా చాలా ట్రాక్టర్లు చూశారు. ఒకటి వేడెక్కగానే నీలం పొగ వదిలింది, అంటే ఇంజను డీజిలుతోపాటు నూనె కూడా తాగుతోంది. ఒకదాని స్టీరింగు సగం చుట్టు తిప్పినా చక్రాలకు కబురే అందలేదు. ఇంకొకటి కొత్త రంగు వేసుకుని పెళ్ళికూతురిలా నిలబడింది గానీ, కింద వంగి చూస్తే ముందు ఇరుసుకు అతుకు మీద అతుకు. ప్రతిచోటా తాళాలాయన ముందు టేపే తీసేవాడు. చివరికి బావమరిదికి ఒళ్ళు మండిపోయింది.

“సెలవు పెట్టి మరీ వస్తున్నాను బావా. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనెట్టుకెళ్ళినట్టు ఆ టేపేంటి, నీ వరసేంటి? ఇంకోసారి అది బయటికి తీశావంటే నేను రాను.”

అప్పుడు, రోడ్డు పక్క టీ బంకు దగ్గర బెంచీ మీద, ఆయన ఉన్నదంతా చెప్పాడు. విన్నవాడికి ఆమె స్వయానా అక్క. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. టీ మీద మీగడ కట్టింది. చాలాసేపటికి లేచి ప్యాంటు దులుపుకుని, “బైపాసు రోడ్డులో పాత బండ్లు అమ్మే యార్డులో పెద్దదొకటి ఉందన్నారు బావా. మడ్‌గార్డు వెడల్పేనట. పద” అన్నాడు. ఆ తర్వాత టేపు మాట ఎత్తలేదు.

ఆ యార్డు యజమాని ఏం చెప్పినా చివర ఒక నవ్వు తగిలించే మనిషి. పెద్ద ట్రాక్టరు ఆవరణ మధ్యలో ఏనుగులా నిలబడి ఉంది. దాన్ని వాడినాయన తన తల్లి కోసం మడ్‌గార్డు మీద రెగ్జిను దిండు బిగించి, పట్టుకోవడానికి ఇనుప కమ్మీ కూడా వెల్డింగు చేయించాడట. తాళాలాయన టేపు పరిచాడు. గీత దాటి ఇంకా చోటు మిగిలింది. కమ్మీ పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. ఆయన మొహం అలా విప్పారడం బావమరిది ఎన్నాళ్ళ తర్వాతో చూశాడు.

“ఇంజను ముసలిది బావా. క్లచ్చు సగం అరిగింది. వెనక గొర్రును లేపే లిఫ్టు కూడా కొంచెం నీరసమే” అన్నాడు, చెప్పడం తన ధర్మమన్నట్టు.

“నడుస్తుందా?”

“నడవడానికి నడుస్తుంది.”

“ఒక్క పంట నడిస్తే చాలురా.”

పక్కనే ఒక చిన్న ట్రాక్టరు ఉంది. బానెట్టు చల్లగా ఉంది, తాళం తిప్పగానే అందుకుంది, పొగ కూడా పల్చగా వచ్చింది. కానీ దాని మడ్‌గార్డు మీద కాకి వాలినా జారి పడేటట్టుంది. తాళాలాయన దాని వైపు చూడనే లేదు. ఏనుగే కావాలి. అయితే పెద్దక్క చూసి ఊ అనకుండా ఏదీ ఖాయం చేసి ఎరగడు. “మా ఆవిడను తీసుకొస్తాను” అన్నాడు. యజమాని నవ్వాడు. “తీసుకురండి, ఆవిడ సీటే కదా.”

మరుసటి ఆదివారం ముగ్గురూ ఆటోలో వెళ్ళారు. పెద్దక్క ఆటో దిగి, దాని కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడి ఊపిరి కూడదీసుకుంది. ఆ కాసేపట్లోనే యార్డులో ఎన్ని బండ్లున్నాయో, ఏ మూల కుక్క కట్టేసి ఉందో చూసేసింది.

“ఇదిగోనమ్మా మీ సింహాసనం” అని యజమాని రెగ్జిను దిండు మీద దుమ్ము తుడిచాడు.

పెద్దక్క దిండు మీద చెయ్యి వేసింది. “ఎవరికోసం పెట్టించారు బాబూ?”

“పాత ఓనరు వాళ్ళమ్మగారి కోసమమ్మా.”

“ఆవిడెక్కడుంది ఇప్పుడు?”

యజమాని ఈసారి నవ్వడం మర్చిపోయాడు. “కాలం చేశారమ్మా. అందుకే బండి అమ్మేశారు.”

తాళాలాయన మెట్టు దగ్గరికి జరిగాడు. “ఎక్కి చూడవే. నేను పట్టుకుంటాను. మెట్టు కూడా కిందికే ఉంది.”

ఆమె ఎక్కలేదు. వెనక్కి వెళ్ళి, గొర్రు తగిలించే ఇనుప చేతులు రెండింటినీ చూసింది. “దున్నే గొర్రు వీటికేనా తగిలిస్తారు? వీటిని పైకి లేపండి బాబూ. ఆ చిన్నదాని చేతులు కూడా. లేపి, ఇంజన్లు ఆపేయండి.”

“ఆపేసి?”

“ఆపేసి టీ తాగుదాం. ఇంత దూరం వచ్చినవాళ్ళకు టీ పోయించరా ఏం?”

రేకుల ఆఫీసులో నలుగురూ టీ తాగారు. పెద్దక్క యజమానిని అడగవలసినవన్నీ అడిగింది, కాకపోతే రెండు మాటలకొకసారి ఆగుతూ. అతనికి ఇద్దరు కూతుళ్ళనీ, నడుం నొప్పనీ, కుక్క అతనిది కాదనీ తేల్చుకుంది. తాళాలాయన కిటికీలోంచి ఏనుగును చూస్తూ కూర్చున్నాడు. ఆయన కళ్ళముందు ఆమె అప్పుడే దాని మీద కూర్చుని ఉంది.

బయటికొచ్చి చూస్తే, ఏనుగు చేతులు రెండూ జారి నేలను తాకుతున్నాయి. చిన్నదాని చేతులు లేపినవి లేపినట్టే ఉన్నాయి.

“జారిపోయాయిగా” అంది పెద్దక్క.

“పాత బండి కదమ్మా, కాస్త జారుతుంది. ఒకరు సీటు మీద కూర్చుని లివరు పట్టుకుంటే ఇంకొకరు పిన్ను దూర్చేస్తారు. మీరు ఇద్దరున్నారుగా, ఇబ్బందేముంది.”

“ఒక్కరే ఉంటే?”

“ఒక్కరైతే కష్టమేనమ్మా. దిగి వెనక్కి వచ్చేసరికి ఇది కిందకొచ్చేస్తుంది. చిన్నదైతే అలవాటు చేసుకుంటే ఒక్కరే తగిలించుకోవచ్చు.”

పెద్దక్క భర్త వైపు తిరిగింది. “చిన్నది తీసుకుందామండీ.”

“దాని మీద నువ్వెక్కడ కూర్చుంటావే?”

ఆమె చిన్నదాని సీటు మీద చెయ్యి వేసింది. “దాని మీద మీరొక్కరే కూర్చుంటారు” అంది.

“ఏం మాటలే అవి? వానలు పడేసరికి నీకు…”

“ఆ డాక్టరు గది తలుపు సరిగ్గా పడదండీ. గడియ నాలుక అరిగిపోయింది. తాళాలు చూసే మనిషి, పక్కనే నిలబడి ఎలా చూసుకోలేదో మరి. నాకు అంతా వినబడింది.”

యార్డు యజమాని ఎవరో పిలిచినట్టు ఆఫీసులోకి వెళ్ళిపోయాడు. బావమరిది, అప్పటికే బిగిసి ఉన్న ఒక నట్టు ముందు కూర్చుని దాన్ని బిగించడం మొదలుపెట్టాడు.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?” అన్నాడు ఆయన.

“మీరు అంత కష్టపడి అబద్ధమాడుతుంటే పాడుచేయడమెందుకని. మీకు అబద్ధం రాదు. ఈ వయసులో నేర్చుకుంటున్నారు కదా అని ఊరుకున్నాను.”

ఆయన ఇనుప కమ్మీ పట్టుకున్నాడు. ఆమె కోసం గట్టిదో కాదో చూసిన ఆ కమ్మీ ఇప్పుడు ఆయన్ని నిలబెట్టవలసి వచ్చింది. “ఒక్క పంటే” అన్నాడు. “ఒక్క పంట నా పక్కన కూర్చో. ఆ తర్వాత ఇది చెడిపోతే చెడిపోనీ.”

“ఆ తర్వాత మీ సంగతేమిటి? లివరు పట్టుకునేవాళ్ళు లేక, పిన్ను పెట్టేవాళ్ళు లేక, గట్టు మీద కూర్చుంటారు. నేను వస్తానేమోనని చూస్తూ కూర్చుంటారు. మీరు నాకు తెలియదా?” ఆయాసం వచ్చి ఆగింది. ఆయన చెయ్యి అందించబోతే వద్దంది. “నా కోసం కొన్న బండి నాతోనే పోతుందండీ. మీ కోసం కొనుక్కోండి.”

బేరం బావమరిది ఆడాడు. తాళాలాయన కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాడు.

చిన్న ట్రాక్టరు పొలానికి చేరిన మొదటి ఆదివారం, బాట ఎండి ఉండటం వల్ల బావమరిది అక్కను బైకు మీద మెల్లగా గట్టు దాకా తీసుకురాగలిగాడు. రేకుల గది నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పెద్దక్క చుట్టూ ఒకసారి చూసుకుంది. వంగ మొక్కల్ని చూసింది, కూలిన గట్టును చూసింది, పక్క పొలంలో కొత్త కోడలు వచ్చిందని కూడా చూసింది. కానీ ఎవరినీ పలకరించలేదు. ఊపిరి దాచుకుంటున్నట్టుంది.

“గొర్రు తగిలించండి” అంది.

బావమరిది అలవాటుగా లేచాడు. “నువ్వు కూర్చోరా” అంది అక్క.

తాళాలాయన ట్రాక్టరును వెనక్కి నడిపాడు. దిగి చూస్తే ఇనుప చెయ్యి గొర్రుకు జానెడు దూరంలో ఆగింది. మళ్ళీ ఎక్కి వెనక్కి జరిపాడు. ఈసారి పక్కకు పోయింది. ఎక్కాడు, దిగాడు. ఒక వైపు పిన్ను దూరింది, రెండో వైపు చెయ్యి గొర్రు రంధ్రానికి వేలెడు ఎత్తులో నిలిచింది. గొర్రును భుజంతో నెట్టాడు, కాలితో తన్నాడు. చెమట కళ్ళలోకి దిగుతోంది. ఇన్నేళ్ళలో ఆ పొలంలో ఏ బరువు లేపినా రెండో చివర ఆమె చేతులే ఉండేవి. ఆలోచించకుండానే నోటివెంట వచ్చేసింది.

“ఒక్కసారి వచ్చి ఆ లివరు కాస్త కిందికనవే.”

కుర్చీ చప్పుడు కాలేదు. తల తిప్పి చూశాడు. పెద్దక్క ముందుకు వంగి కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, లేవకుండా వాటి మీద తన బరువంతా వేసి కూర్చుంది. పక్కన ఆమె తమ్ముడు నేలకేసి చూస్తున్నాడు.

ఆయన ఇక అడగలేదు. తనే వెళ్ళి లివరు కాస్త దించి, తిరిగొచ్చి, గొర్రు కింద రాయి పెట్టి, వంగి, రంధ్రం రంధ్రానికి ఎదురయ్యేదాకా మెల్లగా కదిపాడు. మొరటుగా తొయ్యలేదు. పిన్ను దూరిన చప్పుడు గట్టు దాకా వినబడింది.

నడుం నిలబెట్టి ఆమె వైపు చూశాడు. మొహమంతా చెమటే, అందులో ఏది ఏదో తెలియదు. “పెట్టానే” అన్నాడు.

పెద్దక్క తల ఊపింది. మాట రావడానికి కొంత ఊపిరి కావలసి వచ్చింది.

“విప్పండి” అంది. “మళ్ళీ పెట్టండి.”

ఆయన పిన్ను లాగేసి, మళ్ళీ ట్రాక్టరెక్కాడు.